ఉష్ణోగ్రత పక్కనే యూవీ సూచీ వేయాలి

మే నెలలో బెజవాడ 44 డిగ్రీలు దాటితే జనం నెత్తిన తువ్వాలు వేసుకుని నీడ పట్టుకుంటారు. లేహ్ విహారానికి వెళ్లినవాళ్లు మాత్రం చల్లగా ఉంది కదా అని పొద్దస్తమానం ఎండలో తిరుగుతారు. సాయంత్రానికి ముక్కు, బుగ్గలు కమిలిపోతాయి. లేహ్ ఎత్తు సుమారు 3,500 మీటర్లు. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత (యూవీ) కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొత్తగా కురిసిన మంచైతే వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది.

ఈ కిరణాలు కంటికి కనపడవు, ఒంటికి వేడిగా తగలవు. అందుకే 1992లో కెనడా యూవీ సూచీని తెచ్చింది. అది 3కు చేరితే జాగ్రత్త పడాలి, 8 నుంచి చాలా ఎక్కువ, 11 నుంచి అత్యంత తీవ్రం. సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడు, పైన ఓజోన్ ఎంత ఉంది, మబ్బు, ధూళి, ఊరి ఎత్తు, నేల తీరు... వీటన్నిటినీ కలిపి లెక్క కడతారు. ఈ లెక్కలో గాలి వేడికి చోటే లేదు.

న్యూజిలాండ్‌నే చూడండి. అక్కడి వేసవిలో ఈ కిరణాల తీవ్రత ఉత్తరార్ధగోళంలో అదే అక్షాంశాన ఉన్న ప్రాంతాల కంటే 40 శాతం దాకా ఎక్కువ. కారణం, అక్కడ వేసవి అయిన జనవరిలో భూమి సూర్యుడికి దగ్గరవుతుంది, పైన ఓజోన్ తక్కువ, గాలి శుభ్రం.

హైదరాబాద్‌లో సూర్యుడు ఏటా రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. ఒకటి మే రెండో వారం, రెండోది ఆగస్టు మొదట్లో. ఆగస్టుకి వానలతో చల్లబడుతుంది కాబట్టి ఎండాకాలం బెడద తీరిందనుకుంటారు. మబ్బు విడిచిన మధ్యాహ్నం ఆ కిరణాలు మేలో కంటే పెద్దగా తగ్గవు. ఆ వేళకు వరినాట్లు వేసే కూలీలు పొలంలోనే ఉంటారు. ముదురు చర్మానికి క్యాన్సర్ ముప్పు తక్కువన్న మాట నిజమే, కానీ కంటికి ఆ రక్షణ లేదు. శుక్లాలకూ, తెల్లగుడ్డు మీద కండ పెరగడానికీ ఈ కిరణాలు ఒక కారణం.

ఆస్ట్రేలియా వాతావరణ శాఖ యూవీ సూచీతో పాటు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా జాగ్రత్త పడాలో కూడా రోజూ ప్రకటిస్తుంది. వడగాడ్పుల హెచ్చరికలు అంత శ్రద్ధగా ఇచ్చే మన దగ్గర జిల్లాలవారీ యూవీ సూచీ ఎందుకు ఇవ్వకూడదు? పత్రికలూ, టీవీలూ ఉష్ణోగ్రతల పట్టికలో ఇంకో గడి చేర్చాలి.

అప్పటిదాకా మీ నీడనే కొలతగా పెట్టుకోండి. అది మీకంటే పొట్టిగా ఉన్నంతసేపూ తలపాగానో టోపీనో, యూవీని ఆపే కళ్లద్దాలో లేకుండా బయట తిరగకండి.