వేసవి పాసు ఎటువైపు?

ఏప్రిల్ రెండో వారం దాటిందంటే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల గోడలు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతుంటాయి. ఎర్రమట్టి నేల, ఎటు చూసినా పట్టాలు, వర్క్‌షాపు రేకుల కప్పులు. పగటి ఎండను రాత్రికి దాచిపెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదేమో. పట్టణానికి దగ్గరలోని కలైకుండాలో 2024 ఏప్రిల్ 30న ఉష్ణోగ్రత 47.2 డిగ్రీలకు చేరింది. ఆ ఏడాది పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ 22 నుంచే ఇచ్చేసింది. బయట నిప్పులు కురుస్తుంటే, పిల్లలు ఇంట్లోనే ఉంటే, ఎవరింట్లోనైనా తలెత్తే ప్రశ్న ఒక్కటే: ఈసారి ఎక్కడికి?

ఖరగ్‌పూర్ తెలుగువారికి ఒకప్పుడు ఇది ప్రశ్నే కాదు. వేసవి అంటే ఊరు. ఊరంటే శ్రీకాకుళమో, పలాసో, విజయనగరమో. 19వ శతాబ్ది చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ కట్టి, వర్క్‌షాపు పెట్టినప్పటి నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల నుంచి జనం పనికోసం ఇక్కడికి చేరుతూ వచ్చారు. కళాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్‌లుగా కుదురుకున్నారు. మథురాకాటి, నింపురా లాంటి చోట్ల తెలుగు వాడలు ఏర్పడ్డాయి. గ్రామదేవతలు కూడా వెంట వచ్చారు. వేసవిలో జరిగే మాతా పూజలు ఇప్పుడు ఊరందరి పండుగ. అయినా సెలవు దొరికితే, పాసు చేతికొస్తే, దారి దక్షిణానికే.

ఆ పాసుదే అసలు మహిమ. అయిదేళ్ల సర్వీసు నిండిన రైల్వే ఉద్యోగికి ఏడాదికి మూడు సెట్ల ప్రివిలేజ్ పాసులు వస్తాయి. భార్యాపిల్లలతో కలిసి టిక్కెట్టు కొనకుండా ఆరు వందల పైచిలుకు కిలోమీటర్లు వెళ్లి రావచ్చు. కటక్, ఖుర్దా రోడ్ దాటి బాలుగావ్ వచ్చేసరికి పెద్దవాళ్లు పిల్లల్ని తట్టి లేపేవాళ్లు. కిటికీలోంచి చిలికా కనిపిస్తుంది. రంభ దాకా రైలు ఆ నీళ్లను పలకరిస్తూనే సాగుతుంది. ఎన్నో తెలుగు కుటుంబాలు దశాబ్దాల తరబడి ఆ సరస్సును చూశాయి. అక్కడ దిగిన వాళ్లు మాత్రం తక్కువ. దిగడానికి తీరిక ఏది? అవతల అమ్మమ్మ ఎదురుచూస్తుంటుంది. తాటిముంజెలు, పనసతొనలు, సంబరాలు, పెళ్లిళ్లు అన్నీ ఆ నెలలోనే.

ఇప్పుడు ఆ ఎదురుచూపు పలచబడింది. నాలుగో తరం వచ్చేసింది. చాలా ఇళ్లలో ఊరి పొలం అమ్ముడుపోయింది. పాత ఇల్లు అన్నదమ్ముల మధ్య పంపకాలైంది. అక్కడి బంధువులూ విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోయారు. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బజారులో బెంగాలీ మాట్లాడతారు. అందరికీ రైల్వే ఉద్యోగాలూ లేవు. ప్రైవేటు ఉద్యోగికి పాసు ఉండదు, వారానికి మించి సెలవూ ఉండదు. అందుకే వేసవి మాట వచ్చేసరికి చిన్నవాళ్లు ఊరి పేరు ఎత్తడం లేదు. ఫోన్‌లో నీలంగా మెరిసే ఒక సరస్సు బొమ్మ చూపిస్తున్నారు. చుట్టూ కొండలు, మధ్యలో పడవ. దాని పేరు ముకుట్‌మణిపూర్.

బాంకురా జిల్లాలో కంసావతి, కుమారి నదులు కలిసేచోట కట్టిన జలాశయం అది. రెండో పంచవర్ష ప్రణాళిక కాలంలో, విధాన్ చంద్ర రాయ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1956లో ఈ ప్రాజెక్టు పని మొదలైంది. మట్టికట్ట పొడవు సుమారు 11 కిలోమీటర్లు, ఎత్తు 38 మీటర్లు. దేశంలోని పొడవైన మట్టికట్టల్లో ఇదొకటి. కట్ట మీద నడుస్తుంటే ఒకవైపు నీళ్లు, మరోవైపు పల్లంలో పొలాలు, దూరాన సాల అడవుల గుట్టలు. సముద్రం లేని జిల్లాకు ఇదే సముద్రం.

ఖరగ్‌పూర్ వాళ్లకు ఈ సరస్సు కొత్త కావచ్చు కానీ, నది పాతదే. పురూలియా జిల్లా ఝాల్దా వైపు పుట్టిన కంసావతి ముకుట్‌మణిపూర్ కట్ట దాటి, ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ మధ్యగా పారుతుంది. ఇక్కడివాళ్లు దాన్నే కాసాయి అంటారు. మేదినీపూర్ వెళ్లే లోకల్ రైలు ఆ వంతెన దాటుతుంటే వేసవిలో కింద కనిపించేది ఎక్కువగా ఇసుకే. ఖరగ్‌పూర్ తాగునీటికి ఆధారం కూడా ఆ నదే. నాలుగు తరాల తెలుగువాళ్లు పెరిగింది ఈ నీళ్లతోనే. సొంత ఊరు ఎక్కడని అడిగితే మాత్రం వంశధార పేరో నాగావళి పేరో చెబుతారు. ఆ లెక్కన ముకుట్‌మణిపూర్ ప్రయాణం విహారమే కాదు, తాగే నీటి చిరునామా వెతుక్కోవడం కూడా.

అయితే వేసవిలో అక్కడికి వెళ్లాలంటే కొంత లెక్క కావాలి. ఫోన్‌లోని నీలిరంగు బొమ్మ చాలావరకు శీతాకాలానిది. అక్టోబరు నుంచి మార్చి దాకా అక్కడ సందడి. మే నాటికి నీటిమట్టం దిగిపోతుంది. ఒడ్డున ఎర్రమట్టి అంచులు బయటపడతాయి. నీళ్లు మాత్రం తేటగానే ఉంటాయి. వానల్లో వాగులు తెచ్చిన ఎర్రమట్టి నెలల తరబడి అడుగుకు దిగిపోయి ఉంటుంది, కొత్త వరద ఇంకా రాదు. సరస్సు నిండుగా కావాలంటే శీతాకాలం, జనం లేకుండా కావాలంటే వేసవి. రెండూ ఒకేసారి దొరకవు.

దారులు రెండు. రైలులో అయితే మేదినీపూర్, గడ్‌బేతా, విష్ణుపూర్ మీదుగా బాంకురా చేరి, అక్కడి నుంచి ఖాత్రా మీదుగా సుమారు 55 కిలోమీటర్లు బస్సులోనో అద్దె కారులోనో వెళ్లాలి. విష్ణుపూర్‌లో ఓ పూట ఆగితే మల్ల రాజులు కట్టించిన టెర్రకోట గుడులు చూడొచ్చు. రోడ్డు మీద అయితే ఝార్‌గ్రామ్, రాణీబాంధ్ మీదుగా సాల అడవుల్లోంచి ప్రయాణం. ఏనుగులు తిరిగే దారి కాబట్టి చీకటి పడకముందే అడవి దాటడం మంచిది. రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థవారి సోనాఝురి విడిది గుట్ట మీద ఉంది. గదులు ముందుగా ఖాయం చేసుకోవాలి. ఒక్కరోజులో వెళ్లి వచ్చేద్దామనే ఆలోచన మేలో పనికిరాదు. మధ్యాహ్నమంతా కట్ట మీద నిలువ నీడ ఉండదు. ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత తిరగాలి. మధ్యలో గది, చల్లటి నీళ్లు, నిద్ర.

సాయంత్రానికీ ఒక షరతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఛోటానాగ్‌పూర్ పీఠభూమి మీద పుట్టే కాలవైశాఖి గాలివాన బెంగాల్ మీదికి వస్తుంది. ఎండకు నేల కాగి, బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమగాలి పైకి లేచి, మధ్యాహ్నం దాటాక వాయవ్యాన నల్లటి మేఘం కడుతుంది. అది కనిపించాక గాలి విరుచుకుపడడానికి ఎంతోసేపు పట్టదు. కొండల నడుమ ఉన్న విశాలమైన జలాశయంలో, మోటారు బిగించిన నాటు పడవలో ఉండకూడని సమయం అదే. పడవ విహారం ఉదయం పెట్టుకోవాలి. లైఫ్ జాకెట్ అడిగి మరీ తీసుకోవాలి. ఈత గురించి ఇంకా ఖచ్చితంగా ఉండాలి. ఇది ఏటి రేవు కాదు, జలాశయం. ఒడ్డున మోకాలి లోతున్న చోటే రెండడుగులు వేస్తే లోతు దిగిపోవచ్చు. అడుగున బురద, మొద్దులు ఉండొచ్చు. తేటనీళ్లలో లోతు తెలియదు. పిల్లలకు కాళ్లు తడుపుకునే సరదా చాలు.

ముకుట్‌మణిపూర్ దూరమనిపిస్తే టాటానగర్ లైన్‌లో సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఘాట్‌శిలా ఉంది. స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరంలో కొండల మధ్య బురుడి సరస్సు. దారిలో సువర్ణరేఖ, ఊళ్లో ‘పథేర్ పాంచాలి’ నవలాకారుడు విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ్ నివసించిన ఇల్లు. ఆయన 1950లో కన్నుమూసింది అక్కడే. ఒక రాత్రి బసతో సరిపోయే ప్రయాణం ఇది.

ఇంత తేలిగ్గా ఈ పేర్లు చెప్పుకోవడం కొన్నేళ్ల కిందట సాధ్యం కాదు. 2008 నవంబరులో సాల్‌బనీ దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ దారిలో మందుపాతర పేలాక, లాల్‌గఢ్ చుట్టుపక్కల జంగల్‌మహల్ అంతా మావోయిస్టులకూ బలగాలకూ మధ్య రణరంగమైంది. 2010 మే 28న ఖేమాసులీ, సార్‌డిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, దాన్ని గూడ్సు ఢీకొని 140 మందికి పైగా చనిపోయారు. అది ఖరగ్‌పూర్ ముంగిట, రైల్వే కుటుంబాలకు ప్రాణమైన లైన్ మీద. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఈ మార్గంలో రాత్రిపూట రైళ్లు నడపలేదు. 2011 నవంబరు 24న బూరిశోల్ అడవిలో కాల్పుల్లో మరణించిన మావోయిస్టు నేత కిషన్‌జీ, అంటే మల్లోజుల కోటేశ్వరరావు, పెద్దపల్లి నుంచి వచ్చిన తెలుగువాడు. ఒకే అడవికి తెలుగువాళ్లు ఎన్ని రకాలుగా చేరారో! ఇప్పుడు ఆ సాలచెట్ల కింద కార్లు ఆపి టీ తాగగలుగుతున్నారంటే, అది కాలం ఇచ్చిన వెసులుబాటు.

సరస్సు దగ్గర తెలుసుకోదగ్గది మరొకటి ఉంది. ఆ తేటనీళ్ల అడుగున ఊళ్లున్నాయి. కట్ట లేచాక కంసావతి, కుమారి లోయలోని పొలాలు, ఇళ్లు మునిగాయి. సంతాలీలు, భూమిజులు, మహతోలు, ఇంకా అనేకులు లేచి వేరే చోటికి వెళ్లారు. ఇది వెయ్యేళ్ల నాడు జైనం వర్ధిల్లిన ప్రాంతం కూడా. ఈ సంగమం చుట్టుపక్కల జైన శిల్పాలను పరిశీలించి 1958లో వ్యాసం ప్రచురించిన దేబలా మిత్రా, తర్వాత భారత పురావస్తు శాఖకు తొలి మహిళా డైరెక్టర్ జనరల్ అయ్యారు. కట్టను ఆనుకుని ఉన్న పరేశ్‌నాథ్ గుట్ట మీద పాత విగ్రహాలు ఆరుబయటే ఉన్నాయి. గుట్ట ఎక్కడానికి ఎంతో సేపు పట్టదు. సందర్శకుల్లో ఎక్కువమంది అక్కడ నిలబడి నీళ్లవైపే ఫొటో తీసుకుని దిగిపోతారు.

ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబం అక్కడ కాసేపు ఎక్కువ నిలబడితే తప్పులేదు. కట్ట కింద నీళ్లు అందుకున్న రైతులకు ఆ ప్రాజెక్టు మేలు చేసింది. కానీ కట్ట వెనక ఉన్నవాళ్లకు సెలవుల్లో వెళ్లడానికి ఊరు మిగల్లేదు. వాళ్ల మనవలకు చూపించడానికి నీళ్లే ఉన్నాయి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ల ఊరు మాత్రం ఇంకా గట్టుమీదే ఉంది. రైలెక్కితే మరునాటికి చేరొచ్చు. వెళ్లకపోవడం వల్ల దూరమయ్యే ఊరు వేరు, వెళ్లడానికి లేకుండా పోయిన ఊరు వేరు.

అలాగని పిల్లల కోరికను కొట్టిపారేయడమూ న్యాయం కాదు. పుట్టి పెరిగిన నేలను చూడాలనుకోవడంలో పరాయితనం లేదు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు దానికి ప్రధాన కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే. భాషకు ఇక్కడ చోటు దొరికాక, కొండలూ నీళ్లూ మాత్రం ఎవరివో అనుకోవడమెందుకు? చద్దన్నంలో ఆవకాయ నంజుకునే వాళ్లకూ, పంతా భాత్‌లో పచ్చిమిరపకాయ కొరికే వాళ్లకూ ఎండ ఒక్కటే.

కాబట్టి తగవు తీర్చడం కష్టం కాదు. పాసులు మూడు సెట్లు. ముకుట్‌మణిపూర్‌కు పాసు లేకపోయినా బాధ లేదు, రెండు రోజుల సెలవు, కాస్త పెట్రోలు ఖర్చు చాలు. వేసవిలో వెళితే ఎండనూ కాలవైశాఖినీ చూసుకుని వెళ్లాలి. లేదంటే జనవరిలో వెళ్లొచ్చు. నిండు సరస్సు, సంక్రాంతి నాటి టుసు పాటలు, ఎండకు కూడా చలి కాచుకునే రోజులు. సరస్సు ఎక్కడికీ పోదు.

మే నెల పాసు మాత్రం దక్షిణానికి రాసుకోవడమే మంచిది. బాలుగావ్ దగ్గర పిల్లల్ని తట్టి లేపి చిలికా చూపించొచ్చు. ఈసారి ఓ పూట దిగనూ వచ్చు. అటువైపు ఇంకా ఎదురుచూస్తున్న అమ్మమ్మ ఉంటే, ఆమె జనవరి దాకా ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.