పేరు మారినా ఆకు మారదు

బదిలీ అయిన ప్రతిసారీ "ఇక్కడ మన కూరలు దొరకవు" అంటాం. నేనూ అనేదాన్ని. ఆ వంకతోనే సాయంత్రం నూడుల్స్ ప్యాకెట్ చించుతాం. పిల్లలూ, ఒకసారి బిలాస్‌పూర్ బుధవారీ బజారుకు వెళ్లి చూడండి. ఇక్కడి ముంగా భాజీ మన మునగాకే, లాల్ భాజీ మన ఎర్ర తోటకూరే, అమారీ భాజీ మన గోంగూరే.

అమ్మానాన్నలు డ్యూటీ నుంచి అలసి వచ్చిన రోజు కుక్కర్‌లో కందిపప్పు, మునగాకు, పచ్చిమిర్చి వేస్తే చాలు. మూడు విజిల్స్, పైన తాలింపు. తినేముందు నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

ఆకు దూసే పని మాత్రం మీది. దూస్తూ దాని పేరు రెండు భాషల్లోనూ నేర్చుకోండి. మూడో పేరు వచ్చే ఊళ్లో దొరుకుతుంది.