తుమ్ములకు ఖరీదైన బిళ్ళే కావాలా?

పొలం గట్ల మీద, రోడ్ల పక్కన వయ్యారిభామ పూతకు వచ్చిందంటే ఓ.పి.లో ముక్కు చీదుకునేవారి వరుస పెరుగుతుంది. ఆగని తుమ్ములు, ముక్కు వెంట నీరు, కళ్ళ దురద. ఇది అంటుకునే జలుబు కాదు. పుప్పొడి పడనివారి శరీరంలో హిస్టమిన్ అనే పదార్థం విడుదలై చేసే అల్లరి ఇది. దానిని అడ్డుకునే బిళ్ళలే యాంటీహిస్టమిన్లు. కొందరు వీటిని వారాల తరబడి వాడవలసి వస్తుంది. కూలి డబ్బులతో ఇల్లు నడిపేవారికి ధర చిన్న సంగతి కాదు.

అయినా "జనరిక్ వద్దండీ, మంచి కంపెనీ మందు రాయండి" అని అడిగేవారే ఎక్కువ. సెటిరిజిన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళ ఏ పేరుతో వచ్చినా లోపలి మందు ఒక్కటే. దాని పేటెంటు ఎప్పుడో ముగిసింది. మీరు కంపెనీ మందు అనుకుంటున్నవి చాలావరకు అదే మందుకు ఒక్కో కంపెనీ పెట్టుకున్న పేర్లు. 2018లో వచ్చిన నిబంధన ప్రకారం అట్ట మీద మందు అసలు పేరు బ్రాండు పేరు కంటే పెద్దగా ఉండాలి. కనుక షాపులో ముందు ఆ పేరు చదవండి, లేదా చదువుకున్న పిల్లల చేత చదివించండి. 2008లో మొదలైన జన ఔషధి పథకం కేంద్రాలలో ఇదే మందు ఇంకా తక్కువకు దొరుకుతుంది.

మరి నాణ్యత? నాసిరకం మందులు జనరిక్‌లలోనూ పట్టుబడ్డాయి, పేరున్న బ్రాండ్లలోనూ పట్టుబడ్డాయి. ధర చూసి ఆ సంగతి తెలుసుకోలేము. బిల్లు అడిగి తీసుకోండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకోండి.

అయితే చవక పేరుతో పాతకాలపు క్లోర్‌ఫెనిరమిన్‌ను పగటిపూట మింగడం నాకు సమ్మతం కాదు. అది మెదడులోకి వెళ్ళి మత్తు కలిగిస్తుంది. ఆటో, ట్రాక్టరు నడిపేవారికి, పరీక్షలకు చదివే పిల్లలకు అది తగదు. ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దలకు మూత్రం బిగబట్టవచ్చు. కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారికీ మంచిది కాదు. చాలా జలుబు బిళ్ళలలో ఈ మందు ముందే కలిసి ఉంటుంది. అది తెలియక రెండూ వేసుకునేవారున్నారు.

సెటిరిజిన్‌తో కూడా కొందరికి నిద్ర వస్తుంది కాబట్టి రాత్రి ఒకటి వేసుకుంటే నయం. అప్పటికీ మత్తుగా ఉంటే లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ ఉన్నాయి, వాటిలోనూ జనరిక్‌లు దొరుకుతాయి. ఫెక్సోఫెనడిన్‌ను పండ్లరసంతో కాక నీళ్ళతో మింగాలి, లేకపోతే ఒంటికి సరిగా పట్టదు.

ఇక మా వృత్తివారితో ఒక మాట. ఉత్త తుమ్ములకు కూడా లెవోసెటిరిజిన్‌తో మాంటెలుకాస్ట్ కలిపిన బిళ్ళ రాయడం అలవాటైపోయింది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో చెడు కలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వంటివి కనిపించడంతో 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రమైన హెచ్చరిక చేర్చింది. ముక్కు అలర్జీకి వేరే మందులు పనిచేయనప్పుడే దానిని వాడాలని చెప్పింది. అవసరం లేని మందుకు రోగి చేత డబ్బు కట్టించడం న్యాయమేనా? చీటీ మీద మందు అసలు పేరు, అర్థమయ్యే అక్షరాలతో రాస్తే సగం గందరగోళం తీరుతుంది. రోగులు కూడా "ఈ రెండో మందు దేనికండీ?" అని మొహమాటం లేకుండా అడగాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి సెటిరిజిన్ మోతాదు తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లల విషయంలో సొంతంగా కొనవద్దు. ముక్కు దిబ్బడే పెద్ద బాధ అయితే బిళ్ళల కంటే ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మేలు, దానినీ డాక్టరును అడిగే మొదలుపెట్టండి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం ఈ బిళ్ళలతో కాలక్షేపం చేయక వెంటనే ఆసుపత్రికి రండి. వచ్చేటప్పుడు ఇంట్లో వాడుతున్న అట్టలన్నీ సంచిలో వేసుకురండి.