తాగేవాడే గార వదిలించాలి

మా మేనల్లుడు కాఫీకి రమ్మంటే వెళ్ళాను. నిజాంపేటలో పన్నెండో అంతస్తు. వంటింట్లో గ్రానైట్ గట్టు మీద నల్లగా నిగనిగలాడుతూ కాఫీ మేకరు. దాని పక్కన అరకు నుంచి తెప్పించిన గింజలు, వాటిని పొడి చెయ్యడానికి ఇంకో మిషను, ఆ పొడిని గ్రాముల లెక్కన తూచడానికి అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కాటా. ఆ గింజ ఎంత ఎత్తున పండిందో, ఎన్ని రోజుల కిందట వేయించారో పావుగంట సేపు చెప్పాడు. ఆ పావుగంటా వెనకాల మిషను దగ్గుతూనే ఉంది. ఉబ్బసం ఉన్నవాడు మెట్లెక్కుతున్నట్టు ఒక గురక, ఒక చుక్క, ఇంకో గురక. చివరికి కప్పు చేతికొచ్చింది. మాడు చేదు, దాని వెనకాలే పాత నూనె కంపు.

"దీన్ని ఎప్పుడు కడిగావురా?" అన్నాను.

"పనమ్మాయి రోజూ కడుగుతుంది మావయ్యా."

కడుగుతుంది, నిజమే. గాజు జగ్గు తోముతుంది, పొడి వేసే బుట్ట తోముతుంది, పైన తడిగుడ్డ పెట్టి తుడుస్తుంది. లోపల ఒక గొట్టం ఉందని ఆమెకి ఎవరు చెప్పారు? చెప్పాల్సిన దొరగారికి తెలిస్తే కదా! ఆమె ఇంట్లో ఈ మిషను లేదు, ఇందులో దిగిన కాఫీ ఆమెకి ఎవరూ పొయ్యలేదు. అయినా రుచి చెడితే నేరం ఆమె నెత్తిన. గింజ పుట్టుపూర్వోత్తరాలు వల్లించే నోటికి, ఆ గింజ మీద పడే నీళ్ళు ఏ బొక్కలోంచి వస్తున్నాయో చూసుకునే ఓపిక లేదు. పైన పటారం లోన లొటారం అనే మాట ఈ మిషన్లు రాకముందే పుట్టింది కానీ, వీటికి అతికినట్టు ఇంకెక్కడా అతకదు.

లోపల ఏముందో చెబుతాను. నాకెలా తెలుసంటారా? మా ఇంటి మిషను కొన్న పద్నాలుగో నెలలో చచ్చింది. గ్యారంటీ పన్నెండు నెలలు. సర్వీసు సెంటరు కుర్రాడు మూత కూడా విప్పకుండా "హీటర్ పోయింది సార్, కొత్తది తీసుకోండి, ఆఫరుంది" అన్నాడు. ఇంటికి తెచ్చి బోర్లించి నేనే అడుగు మరలు విప్పాను. నీళ్ళ డబ్బా నుంచి దిగే రబ్బరు గొట్టం, అందులో నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే చిన్న కవాటం, ఆ తరవాత గుర్రపు నాడాలా వంగిన అల్యూమినియం గొట్టం, దాన్ని అంటిపెట్టుకుని హీటరు. అంతే మిషను. మోటారు లేదు, పంపు లేదు. నీళ్ళు ఆ వంపులో మరిగి, పుట్టిన ఆవిరి బుడగలే పైనున్న నీళ్ళని తోసుకుంటూ పొడి మీదకి ఎత్తిపోస్తాయి. 1954లో జర్మనీలో విగోమాట్ పేరుతో కరెంటు డ్రిప్ మిషను వచ్చింది. అప్పటి నుంచి ఎన్ని లైట్లు పెట్టినా, ఎన్ని బటన్లు పెట్టినా, ఇళ్ళలో వాడే మామూలు డ్రిప్ మిషను కడుపులో ఉన్నది ఆ వంపు గొట్టమే. నా మిషనులో ఆ గొట్టం నోట్లోకి అగ్గిపుల్ల దూర్చబోతే దూరలేదు. తెల్లగా, రాయిలా సున్నం. పళ్ళకి పట్టిన గార లాంటిదే.

దీని వెనక రసాయన శాస్త్రం పదో తరగతి పుస్తకంలోదే. బోరు నీళ్ళలో కాల్షియం బైకార్బనేట్ కరిగి ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపూ కంటికి కనబడదు. వేడి తగలగానే కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, మిగిలిన కాల్షియం కార్బనేట్ దొరికిన గోడకల్లా అతుక్కుంటుంది. "ఎలాగూ కాగుతాయి కదా, కుళాయి నీళ్ళు పోస్తే ఏం?" అంటారు మనవాళ్ళు. కాగడం వల్లే పడుతోందయ్యా ఆ గార! తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. మధ్యస్తంగా 400 అనుకోండి. రోజుకొక లీటరు పోస్తే ఏడాదికి ఆ గొట్టంలోంచి నడిచేది 146 గ్రాములు. అందులో పదో వంతు అతుక్కున్నా, చిటికెన వేలంత గొట్టానికి అది చాలదూ? పైగా అల్యూమినియంతో పోలిస్తే ఈ పొర వేడిని మోసేది నూరో వంతు చుట్టుపక్కలే. హీటరు తన వేడిలో తానే మాడుతుంది. నీళ్ళు బొట్టుబొట్టుగా పడి, పొడి నానాల్సినదానికి రెండింతలు నాని, చేదంతా దిగుతుంది. చివరికి లోపలి ఫ్యూజు ఎగిరిపోతుంది. కుర్రాడు "హీటర్ పోయింది సార్" అంటాడు. గుప్పెడు సున్నం కోసం గాజూ ప్లాస్టిక్కూ రాగితీగా అన్నీ కలిపి చెత్తబండిలోకి.

ఈ సంగతి అమ్మేవాళ్ళకి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కాగితాల కట్టలో ఎక్కడో చివర, చీమ తలకాయంత అక్షరాల్లో రాస్తారు. గార వల్ల వచ్చిన రిపేరుకి గ్యారంటీ వర్తించదని ఇంకో మూల రాస్తారు. దుకాణంలో మాత్రం పెదవి విప్పరు. "మీ ఇంట్లో బోరు నీళ్ళా, మంజీరా నీళ్ళా?" అని అడిగిన సేల్స్‌మన్‌ని ఒక్కణ్ణి చూపించండి, పాదాభివందనం చేస్తాను. కొన్నాక మాత్రం వందల రూపాయలకి డీస్కేలర్ అని ఓ బుల్లి సీసా అంటగడతారు. చాలావాటి లేబుల్ మీద చదవండి: సిట్రిక్ యాసిడ్. కొన్నిట్లో లాక్టిక్, కొన్నిట్లో సల్ఫామిక్. సిట్రిక్ యాసిడ్ అంటే మన కిరాణా కొట్లో చిన్న పొట్లాల్లో దొరికే నిమ్మ ఉప్పు. స్వీడన్‌లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని నిమ్మరసం నుంచి స్ఫటికాలుగా తీసింది 1784లో. పెళ్ళిళ్ళలో నిమ్మకాయ పిండే ఓపిక లేని వంటవాళ్ళు పులిహోరలో చల్లేదీ ఇదే. రెండొందల నలభై ఏళ్ళ నాటి పొడిని రహస్య మందులా అమ్ముతున్నారు, మనం కొంటున్నాం.

అంతకంటే ఒళ్ళు మండించే జాతి ఇంకోటుంది, చిట్కాల వీడియోలవాళ్ళు. వంటసోడా వేసి, దాని మీద నిమ్మరసం పిండి, బుసబుసా నురగ పొంగితే "చూశారా, ఎలా క్లీన్ అవుతోందో!" అంటారు. ఏమవుతోంది? పులుపూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. నురగ చల్లారాక మిగిలేది ఉప్పునీళ్ళు. గారకి పులుపు కావాలి. బుట్టకీ జగ్గుకీ పట్టిన కాఫీ జిడ్డుకి సబ్బో సోడానో కావాలి. రెండు జబ్బులకి రెండు మందులు, కలిపితే రెండూ దండగ. ఇక పులుపుతో బ్లీచింగ్ పౌడర్ కలిపే మహానుభావులున్నారు. క్లోరిన్ వాయువు పుడుతుంది, ప్రాణాలు పోతాయి. వెనిగర్ పని చేస్తుంది, కాదనను. కానీ నాలుగు రోజులు కాఫీలో గోబీ మంచూరియా వాసనొస్తుంది.

మా అమ్మకి ఈ గొడవ లేదు. ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు రుద్దేది. స్టీలు ఫిల్టరు చిల్లులు పూడుకుపోతే పట్టకారుతో పట్టుకుని మంట మీద కాల్చి, గట్టుకేసి టకటకా కొట్టి, దీపం వైపు ఎత్తి ఒక్కో చిల్లూ చూసేది. దేనికి ఏ మందో ఆమెకి తెలుసు. ఎందుకంటే చూడటం ఆమె పనిగా పెట్టారు. ఆ పని ఆమె ఒక్కదాని మీదే ఎందుకు పడిందన్నది వేరే తగువు, దాంట్లో ఆమెకి మా నాన్న, నేను, అందరం బాకీయే. ఆ బాకీని ఇప్పుడు పనమ్మాయి పేరున రాసి చేతులు దులుపుకుంటున్నామన్నదే నా కడుపుమంట.

సున్నం తాగితే ఎవరూ చావరు, ఆ భయం పెట్టను. నీళ్ళ డబ్బా సంగతి మాత్రం అలా వదలను. మూత వేసి, అడుగున గుక్కెడు నీళ్ళు మిగిల్చి, చీకట్లో వెచ్చగా ఉంచితే ఏం పెరుగుతుంది? 2011లో అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్ అనే సంస్థ ఇరవై రెండు ఇళ్ళలో వెతికితే, కాఫీ మిషన్ల నీళ్ళ డబ్బాల్లో సగానికి బూజూ ఈస్టూ దొరికాయి. రాత్రి డబ్బా వంపేసి మూత తీసి పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ రోజు మా మేనల్లుణ్ణి కిందకి కొట్టుకి పంపి నిమ్మ ఉప్పు తెప్పించాను. "నీ కాటా తియ్యరా" అన్నాను. లీటరు నీళ్ళకి పాతిక గ్రాములు తూచాడు, అరకు గింజలు తూచినంత భక్తిగా. చల్లని నీళ్ళలో కలిపి డబ్బాలో పోసి, సగం దిగనిచ్చి స్విచ్ ఆపేశాం. మరీ మరిగిస్తే కాల్షియం సిట్రేట్ తెల్ల మడ్డిగా విడివడి మళ్ళీ ఆ గొట్టంలోనే కూర్చుంటుంది. రాత్రంతా వదిలేస్తే పులుపు అల్యూమినియాన్నే తినడం మొదలెడుతుంది. అరగంట చాలు. గొట్టంలోంచి సన్నగా చిటపటలు వినబడ్డాయి. వీడియోల నురగకీ దీనికీ తేడా ఉంది, ఇక్కడ పోతున్నది రాయి. మిగతా సగం దింపితే జగ్గులోకి టీ రంగు నీళ్ళు, వాటిలో పెంకుల్లాంటి పలుకులు.

"ఇన్నాళ్ళూ దీంట్లోంచి వచ్చిందేనా తాగాను?" అన్నాడు.

"తాగావు. మూడొందల మందికి ఫొటోలు కూడా పెట్టావు."

మాట్లాడకుండా జగ్గు తనే కడిగాడు. ఉత్త నీళ్ళు రెండు డబ్బాలు దింపాడు. రెండోసారి దిగినవి వేలు ముంచి నాలిక మీద రాసుకుని చూశాను. ఇంకా పులుపుంది. ఇంకో డబ్బా పొయ్యమన్నాను.