చెవి మిషన్‌కు క్లెయిమ్ ఇవ్వాల్సిందే

ఆరోగ్య బీమా పాలసీలో మినహాయింపుల పేజీ తీస్తే కళ్లద్దాలు, కాంటాక్ట్ లెన్సులు, చెవి మిషన్లు ఒకే వరుసలో కనిపిస్తాయి. హైదరాబాద్ హిమాయత్‌నగర్ అపార్టుమెంట్లలో ఉంటున్న రిటైరైన జంటల్లో చాలామంది ఆ పేజీ చదివేది క్లెయిమ్ తిరిగొచ్చాకే. ఈఎన్‌టీ డాక్టరు చీటీ, ఆడియోగ్రామ్, బిల్లు అన్నీ జతచేసి పంపినా వచ్చే జవాబు ఒక్కటే: ఈ ఖర్చు పాలసీ పరిధిలోకి రాదు.

కొత్త పాలసీకి ఉన్న 65 ఏళ్ల గీతను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 ఏప్రిల్ 1 నుంచి చెరిపేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద 18 శాతం జీఎస్‌టీ కూడా పోయింది. పెద్దవాళ్లూ, రండి, పాలసీ కొనండి అని కంపెనీలు పిలుస్తున్నాయి. ఆ వయసులో తరచుగా మొరాయించే చెవిని మాత్రం గుమ్మం బయటే నిలబెడుతున్నాయి.

ఈ మినహాయింపు నిన్నటిది కాదు. 1986లో ప్రభుత్వ రంగ జనరల్ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చినప్పుడే చెవి మిషన్‌ను పక్కన పెట్టాయి. తర్వాత వచ్చిన ప్రైవేటు కంపెనీలు ఆ వాక్యాన్ని అలాగే ఎత్తి రాసుకున్నాయి. 2013లో ఐఆర్‌డీఏ మినహాయింపు ఖర్చుల పట్టిక ప్రకటించినప్పుడు చెవి మిషన్‌ను అందులో చేర్చింది, పాలసీలో విడిగా ఇస్తామని రాసుకుంటే తప్ప. అంటే ఇవ్వకూడదని ఎవరూ అనలేదు, ఇచ్చి తీరాలనీ ఎవరూ అనలేదు. ఆ రోజుల్లో సంస్థ కార్యాలయం బషీర్‌బాగ్ పరిశ్రమ భవన్‌లో, హిమాయత్‌నగర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఉంది. చిరునామా మారింది, పట్టికలో ఆ మాట వెనకున్న ఆలోచన మారలేదు.

ఆ ఆలోచనే అసలు అన్యాయం. శుక్లాలు వయసుతో వస్తాయి; రెండేళ్లు ఆగమన్నా, పరిమితి పెట్టినా, కంట్లో వేసే లెన్సుకు డబ్బిస్తారు. మోకాలి కీలు అరిగేదీ వయసుతోనే. కొత్త కీలుకు ఇస్తారు. గుండెకు స్టెంట్ వేస్తే ఇస్తారు, పేస్‌మేకర్ పెడితే ఇస్తారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు వయసువల్లో, ఏళ్ల తరబడి యంత్రాల మోతవల్లో చచ్చిపోతే మళ్లీ మొలవవు. దానికి మందు లేదు. ఎక్కువమందికి ఆపరేషన్ కూడా అవసరపడదు. చెవి మిషనే చికిత్స. ఆపరేషన్ లేదు కనుక ఆస్పత్రిలో చేరరు, చేరరు కనుక క్లెయిమ్ లేదు. శరీరం లోపల పెట్టింది వైద్యం, చెవి వెనక తగిలించింది అలంకారమా? కళ్లజోడు పక్కన దాన్ని ఎందుకు కూర్చోబెట్టారు? కళ్లజోడు కొన్ని వేలల్లో అయిపోతుంది. మంచి డిజిటల్ మిషన్ల జత లక్ష దాటడం మామూలే, నాలుగైదేళ్లకు మళ్లీ మార్చుకోవాలి.

మరి ప్రభుత్వం లేదా అంటారు. ఉంది, అంచుల్లో ఉంది. పేద పిల్లలకు ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ చేస్తారు. ఆదాయం తక్కువున్న వికలాంగులకు అడిప్ పథకం ఉంది. పేద వృద్ధులకు 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలుపెట్టిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. కేంద్ర ఉద్యోగులకు, పెన్షనర్లకు సీజీహెచ్‌ఎస్ ఒక పరిమితి మేరకు మిషన్ ఖర్చు తిరిగిస్తుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం వినికిడి వైకల్యం అనిపించుకోవాలంటే రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ లోపం ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం మెరుగ్గా వినపడే చెవిలో 35 డెసిబెల్స్ దాటితే చాలు, చికిత్స కావాలంటుంది. ఈ రెండు అంకెల మధ్య పడినవాళ్లు, ప్రైవేటు కంపెనీల్లోనో దుకాణాల్లోనో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లు, ఏ పథకానికీ అందరు. వాళ్లు ఏటా ప్రీమియం కడుతున్నారు. వాళ్ల దగ్గర డబ్బు తీసుకుని ఆ వయసులో వచ్చే జబ్బునే వదిలేయడం బీమా కాదు, దోపిడీ.

దీని మూల్యం చెవితో ఆగదు. మతిమరుపు జబ్బులపై లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక, నివారించదగిన 14 కారణాల్లో వినికిడి లోపాన్ని చేర్చింది. మిషన్‌కు ఇవ్వని కంపెనీయే రేపు అంతకంటే పెద్ద ఆస్పత్రి బిల్లు కట్టాల్సిరావచ్చు.

ప్రీమియం పెరుగుతుందన్న బెదిరింపు పాతదే. ఐదేళ్లకొకసారి, పరిమితి పెట్టి ఇస్తే ఎంత పెరుగుతుందో కంపెనీలు ఆ లెక్క బయటపెట్టాలి. దొంగ బిల్లులా? ప్రతి మిషన్ మీదా సీరియల్ నంబరు ఉంటుంది. మానసిక వ్యాధుల విషయంలోనూ కంపెనీలు దశాబ్దాలపాటు తలుపు మూసే ఉంచాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీర వ్యాధులతో సమానంగా వాటికీ బీమా ఇవ్వాలంది; 2018 ఆగస్టులో ఐఆర్‌డీఏఐ దాన్ని అమలు చేయమంది. ఆ పని చేయగలిగిన సంస్థ ఈ పనీ చేయగలదు.

కావలసినవి మూడు. ఒకటి, ఈఎన్‌టీ డాక్టరు, ఆడియాలజిస్టు ఇద్దరూ అవసరమని రాసిచ్చిన చెవి మిషన్‌ను, ఆస్పత్రిలో చేరాలన్న షరతు లేకుండా, ప్రతి ఆరోగ్య పాలసీలో తప్పనిసరి చేయాలి. రెండు, ఆపరేషన్ చేసి పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఏ కంపెనీ కూడా మినహాయించకూడదు. మూడు, పాలసీతో ఇచ్చే సమాచార పత్రంలో చెవి మిషన్‌కు ఎంత వస్తుందో, రాదో తెలుగులో మొదటి పేజీలోనే రాయాలి. 2024 జనవరి నుంచి ఆ పత్రాన్ని కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని నిబంధన ఉంది. అడిగేవాళ్లు కావాలి.

అపార్టుమెంటు సంఘాలు, పెన్షనర్ల సంఘాలు ఈ మూడు డిమాండ్లతో ఐఆర్‌డీఏఐకి సంతకాలతో లేఖలు పంపాలి. క్లెయిమ్ తిరస్కరణకు గురైనవాళ్లు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255 నంబరులో గానీ నమోదు చేయించాలి. పాలసీలో మినహాయింపు స్పష్టంగా రాసి లేకపోయినా నిరాకరించి ఉంటే, కంపెనీ నెలలోగా న్యాయం చేయకపోతే, లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ ఫీజు లేదు, వకీలూ అక్కర్లేదు. ఉద్యోగుల గ్రూప్ పాలసీ రెన్యువల్‌కు వచ్చినప్పుడు చెవి మిషన్ చేర్చాలని యూనియన్లు ముందే పట్టుబట్టాలి, ఒప్పుకోని కంపెనీని మార్చమని యాజమాన్యాన్ని అడగాలి.