అంగన్‌వాడీలో ఆరోగ్య విద్య: లెక్కించవలసినది ఏది?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్ వాసులు కొనే ఆకుకూరలు చుట్టుపక్కల పల్లెల నుండి సరూర్‌నగర్ రైతుబజారుకు వస్తాయి. వాటిని పండించిన తల్లి తన బిడ్డకు వారంలో ఎన్నిసార్లు వండిపెడుతున్నదో మన విస్తరణ నివేదికలలో కనిపించదు. ఎన్ని సమావేశాలు జరిగినవో, ఎందరు హాజరైనారో మాత్రం కనిపిస్తుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 6 నుండి 59 నెలల పిల్లలలో రక్తహీనత 2015-16లో 60.7 శాతం; 2019-21లో 70 శాతం. కొలిచే పద్ధతిపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి గాని, తగ్గినదని మాత్రం ఎవరూ అనలేరు. ఆ కాలమంతా ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలలో ఒక పూట భోజనం, గుడ్డు, పాలు అందించే ఏర్పాటు ఉన్నది. బోధనకూ కొదవ లేదు.

లోపం మన సందేశంలోనే ఉన్నదని నా అభిప్రాయం. 'ఆకుకూరలు తినండి' అని చెప్పి ఊరుకుంటాము. అందులోని ఇనుము ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడుండాలి; అన్నం తిన్న వెంటనే తాగే టీ దానిని అడ్డుకుంటుంది. దించిన తరువాత పప్పుకూరలో పిండిన నిమ్మరసం, భోజనంతో ఒక జామకాయ ముక్క, టీకి గంట ఎడం: వీటికి పెద్ద ఖర్చు లేదు. గోడపత్రికతో సరిపుచ్చక, అంగన్‌వాడీ పొయ్యి దగ్గరే తల్లులచేత చేయించాలి. నెల తరువాత విద్యార్థులు ఆ ఇళ్లకు వెళ్లి నిన్న ఏమి వండినారో, టీ ఎప్పుడు తాగినారో అడిగి వ్రాసుకోవాలి. జవాబులు నిరాశపరచినా సరే, నివేదిక మొదటి పుటలో అవే ఉండాలి.