సగటు దాచిన సంగతి

హైస్కూలు గణిత పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం సాధారణంగా చివరి పాఠాలలో ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి పరీక్షలు దగ్గరపడతాయి. అంకమధ్యమానికి ఒక సూత్రం, మధ్యగతానికి ఒక సూత్రం, బాహుళకానికి మరొకటి నల్లబల్ల మీదికి ఎక్కుతాయి. విద్యార్థులు వాటిని కంఠస్థం చేస్తారు. పుస్తకంలోని పట్టిక అంకెలను సూత్రంలో పెట్టి, జవాబు రాబట్టి, దాని కింద రెండు గీతలు గీస్తారు. మార్కులు వస్తాయి. ఆ అంకెలు ఎవరివి, ఎవరు లెక్కించారు, ఎందుకు లెక్కించారు అనే ప్రశ్నలు మాత్రం తరగతిలో పుట్టవు. నిజానికి ఈ శాస్త్రం మొదలయ్యేది ఆ ప్రశ్నలతోనే.

రామనగుడ వంటి ఊరిలో ఈ పాఠానికి కావలసిన దత్తాంశానికి కొదవ లేదు. వంశధార పరీవాహకంలో ఉన్న ఈ ఊరు రాయగడ జిల్లాలో ఒక బ్లాకు కేంద్రం. ఆ ప్రాంతంలో వరి, పత్తి పండుతాయి. ఒడియా, తెలుగు, సవర, కువి భాషలు మాట్లాడేవారు ఉన్నారు. పుస్తకంలోని పట్టికను పక్కన పెట్టి పిల్లలు తమ వాడలోకి నడిస్తే చాలు.

ఒక వాడలో ఐదుగురు రైతులు ఇంటికి తెచ్చిన పత్తి వరుసగా 3, 4, 4, 5, 19 క్వింటాళ్లు అనుకోండి. మొత్తం 35, సగటు 7. లెక్కలో తప్పు లేదు. కాని ఆ వాడలో 7 క్వింటాళ్ల పత్తి తెచ్చిన రైతు ఒక్కరూ లేరు. నలుగురు సగటుకు దిగువన ఉన్నారు, ఒక్కరు చాలా ఎగువన ఉన్నారు. మధ్యగతం 4, బాహుళకం కూడా 4. ఆ వాడలో సామాన్య రైతు పరిస్థితి ఏమిటని అడిగినవారికి 4 అని చెప్పడమే న్యాయం. పత్తినంతా తరలించడానికి ఎన్ని బండ్లు కావాలని అడిగినవారికి 4 పనికిరాదు. మొత్తం 35 తెలియాలి. అంకెలు అవే, ప్రశ్నలు రెండు, జవాబులు రెండు. ఏ ప్రశ్నకు ఏ కొలత సరిపోతుందో తేల్చుకోవడమే కష్టం. భాగహారం కష్టం కాదు.

రాయగడ జిల్లా 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడివడింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ జిల్లాలో ఏడేళ్లు, అంతకు పైబడినవారిలో అక్షరాస్యులు నూటికి సుమారు 50 మంది. ఆ 50 దగ్గర ఆగిపోయినవారికి సగం మంది చదివారు, సగం మంది చదవలేదు అనిపిస్తుంది. అదే లెక్కను విడదీసి చూస్తే మగవారిలో నూటికి సుమారు 61, ఆడవారిలో సుమారు 39. ఒక ఇంట్లో అన్న బడికి వెళుతుండగా చెల్లెలు ఇంటి వద్ద ఉండిపోయిన కథ ఆ 50 లోపల దాగి ఉంది. ఇలాంటి చోట విద్యార్థి చేయవలసిన అభ్యాసం మరో సగటు కట్టడం కాదు, ఉన్న సగటును విప్పడం.

లెక్క కట్టడానికి ముందే జరిగే పొరపాట్లు కూడా ఉంటాయి. బడి ఆవరణలో వర్షమాపకం పెట్టి ఒక వారం వాన కొలిచారనుకోండి. ఆరు రోజుల కొలతలు 12, 0, 8, 0, 20, 14 మిల్లీమీటర్లు. ఏడోరోజు ఆదివారం, ఎవరూ చూడలేదు. మొత్తం 54. ఆరుతో భాగిస్తే 9, ఏడుతో భాగిస్తే సుమారు 7.7. రెండవ విధంగా చేసిన విద్యార్థి తనకు తెలియకుండానే ఆదివారం వాన పడలేదని తీర్మానించేశాడు. వాన పడని రోజుకు సున్నా రాయాలి. చూడని రోజుకు చూడలేదని రాయాలి. ఈ చిన్న తేడా పుస్తకంలోని పట్టికల వల్ల ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే అక్కడ ఏ గడీ ఖాళీగా ఉండదు.

వానల లెక్క పెద్ద నిర్ణయాన్ని మార్చిన సంఘటన ఒడిశాలోనే ఉంది. 1926లో బ్రాహ్మణీ నదికి భారీ వరద వచ్చింది. నదీగర్భం సుమారు ఒక అడుగు పెరిగిందని, కరకట్టలను ఇంకా ఎత్తు చేయాలని ఇంజనీర్లు భావించారు. ఆ పరిశీలన ప్రశాంత చంద్ర మహలనోబిస్ చేతికి వచ్చింది. ఆయన సుమారు 60 ఏళ్ల వర్షపాతం, వరదల వివరాలను వరుసగా పేర్చి చూశారు. నదీగర్భం చెప్పుకోదగినంత పెరగలేదని, ఎగువన కురిసిన అధిక వర్షాలే వరదకు కారణమని ఆ లెక్కలు చూపాయి. ఒక్క ఏడాది ఉధృతిని చూసి కలిగిన అభిప్రాయాన్ని అరవై ఏళ్ల అంకెలు సరిదిద్దాయి. ఆ అరవై ఏళ్లూ వాన కొలిచి రాసిపెట్టినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు. వారి రాత మాత్రం పనికి వచ్చింది.

మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత సాంఖ్యక సంస్థను స్థాపించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఆయన ప్రచురించిన వ్యాసంలోని ఫలితాలను ప్రపంచమంతటా నేటికీ బోధిస్తున్నారు. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ప్రకటించారు. ఆ ఏడాదే, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

పిల్లల చేత వాడల్లో లెక్కలు తీయిస్తే పాఠ్యాంశాలు ఎప్పుడు పూర్తవుతాయని ఉపాధ్యాయులు కొందరు అడుగుతారు. ఆ మాటను తేలికగా కొట్టివేయరాదు. ఉన్న పీరియడ్లు కొద్ది, పరీక్ష అడిగేది సూత్రాన్నే. అయితే ఈ అభ్యాసానికి వేరే పీరియడ్లు కావాలన్న నియమం లేదు. జూన్ నెలలో హాజరు పట్టీ నుండి మొదలుపెట్టవచ్చు. ఎవరు ఎన్ని రోజులు వచ్చారో గణన చిహ్నాలతో గుర్తిస్తే, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా, పౌనఃపున్య పట్టిక దానంతట అదే తయారవుతుంది. సంతకు అమ్మతో వెళ్లిన పిల్ల మూడు అంగళ్లలో మిరపకాయల ధర అడిగి రాసుకోవచ్చు. చివరి పాఠం వచ్చేనాటికి సూత్రం కోసం అంకెలు ఎదురుచూస్తూ ఉంటాయి.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఈ విద్య ఇంకొక కారణంచేత కూడా అవసరం. ఇంటి భాష ఏమిటని తరగతిలో అడిగి పట్టిక వేస్తే దానికి సగటు ఉండదు. ఒడియాను, తెలుగును, సవరను కూడి భాగించలేరు. బాహుళకం మాత్రమే ఉంటుంది. బాహుళకం ఎక్కువమంది భాష పేరు చెప్పి ఊరుకుంటుంది. తక్కువమంది మాట్లాడే భాషలు ‘ఇతరములు’ అనే గడిలో చేరిపోతాయి. ఆ గడిని విప్పి, అందులో ఎవరెవరు ఎందరున్నారో రాయడం ఆ పిల్లలకే తెలియాలి.

అలా రాయడం వల్ల ఏమి లాభమని అనుకోవచ్చు. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఒక సంఖ్యను నిర్ణయించింది. ఒక భాష మాట్లాడే పిల్లలు బడి మొత్తంలో 40 మందికి తగ్గకుండా గాని, ఒక తరగతిలో 10 మందికి తగ్గకుండా గాని ఉంటే ఆ భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ణి నియమించాలి. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం కూడా అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించాలని చెబుతుంది.

ఒక బడిలో ఐదు తరగతుల తెలుగు పిల్లలు వరుసగా 9, 9, 8, 7, 6 అనుకోండి. ఏ తరగతిలోనూ పదిమంది లేరు. మొత్తం 39, సగటు 7.8. లెక్క తీసిన రోజున ఐదో తరగతి పిల్లవాడు ఒకడు పత్తి ఏరడానికి పొలానికి వెళ్లాడు. వాణ్ణి కలిపితే సగటు 8 అవుతుంది. మధ్యగతం అప్పుడూ ఇప్పుడూ 8. ఈ రెండు కొలతలూ చూసినవారికి పెద్ద తేడా ఏమీ కనిపించదు. మొత్తం మాత్రం 40 అవుతుంది.